కృపా మార్కులు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం విచారణలకు చెందిన, పద్దెనిమిదేళ్లు నిండిన కథోలిక విశ్వాసులందరికీ తెలియజేయడమేమనగా, రానున్న పెంతెకోస్తు పండుగ నాటికి ఈ మూడు విచారణల్లోనూ అజ్ఞానం పూర్తిగా రద్దు చేయబడుతుంది.

విచారణ అంటే ఇక్కడ పోలీసు విచారణ కాదు. ఒక గుడి, ఒక ఫాదరు, ఆయన కింద ఉండే విశ్వాసులు కలిస్తే దాన్ని కథోలికులు విచారణ అంటారు. పోలీసు విచారణలో ప్రశ్నలకు జవాబు చెప్పకపోతే ఇబ్బంది. గుడి విచారణలో అంతవరకూ ఆ ఇబ్బంది ఉండేది కాదు. ఈ ప్రకటనతో ఆ లోటు తీరింది.

ప్రకటనను పుంగనూరు గుడిలో ఆదివారం పూజ ముగిశాక చదివినవాడు ఉపదేశి సవరప్ప. అరవై ఒక్క ఏళ్ల మనిషి. గంట మోగినట్టు పలికే గొంతు. ఉపదేశి అంటే గౌరవంలో సగం ఫాదరు, పనిలో ఒకటిన్నర ఫాదరు. ప్రార్థనలు నేర్పాలి, జబ్బు మనుషులను చూసిరావాలి, మొగుడూ పెళ్లాల తగువులు తీర్చాలి, గుడి మైకు కీచుమంటే దాని నెత్తిన ఒకటి మొత్తాలి. ఈ పనులన్నీ ముప్పై రెండేళ్లుగా చేస్తున్న సవరప్ప, ప్రకటనలో మూడో పేరా చదువుతుండగా కాస్త తడబడ్డాడు. అజ్ఞానంతో పాటు, ఆదివారం సాయంత్రాలు తాను పెద్దలకు నడిపే జ్ఞానోపదేశం తరగతి కూడా రద్దయిందని అందులో ఉంది.

ఆ తరగతి గుడి వెనుక రేకుల గదిలో జరిగేది. తొమ్మిది మంది వచ్చేవాళ్లు. నలుగురు నేర్చుకోవడానికి, ముగ్గురు టీకి, మిగిలిన ఇద్దరు ఇంట్లో కోడళ్లు సీరియలు చూసే వేళ తమకు చోటుండదు కాబట్టి. అయినా అక్కడ అప్పుడప్పుడు గట్టి ప్రశ్నలు వచ్చేవి. ప్రసవాల ఆసుపత్రిలో ఆయాగా చేసి మానుకున్న ఆరోగ్యమ్మ ఒకసారి లేచి, "దేవునికి అన్నీ తెలిసినప్పుడు మనం మల్లా ప్రార్థనలో చెప్పేది యాలప్పా?" అని అడిగింది. సవరప్ప వారమంతా ఆలోచించి మరుసటి ఆదివారం చెప్పాడు: "బిడ్డకి ఆకలని తల్లికి తెలుసక్కా. అయినా బిడ్డ నోరు తెరిచి అమ్మా అంటే ఇనాలని ఉంటాది గదా." టీకి వచ్చిన ముగ్గురు కూడా ఆ పూట గ్లాసులు కింద పెట్టి విన్నారు.

ఇలాంటి కాలం చెల్లిన పద్ధతిలో, వారానికి ఒక్క ప్రశ్న చొప్పున నేర్పుకుంటూ పోతే మూడు విచారణలు బాగుపడేది ఎప్పటికి? పుంగనూరు విచారణకు కొత్తగా వచ్చిన ఫాదర్ ఫెలిక్స్ గారికి కలిగిన బాధ ఇదే. ముప్పై నాలుగేళ్ల చురుకైన మనిషి, మంచివాడు. పెద్దవాళ్లంతా తొమ్మిదేళ్ల వయసులో నేర్చుకున్న నాలుగు ముక్కలతోనే తొంభై ఏళ్ల దాకా నెట్టుకొస్తున్నారని ఆయన అనేవారు. అది నిజమే. బెంగళూరులో పది రోజుల డిజిటల్ శిక్షణ పొంది వచ్చాక ఆ నిజానికి ఒక యాప్ తోడైంది.

ప్రారంభోత్సవం మదనపల్లెలో అద్దెకు తీసుకున్న కల్యాణ మండపంలో జరిగింది. త్రివిచారణ వయోజన విశ్వాస వికాస మండలి అధ్యక్షులు, బోరుబావుల కాంట్రాక్టరు జ్ఞానరాజు గారు ప్రసంగించారు. "సోదర సోదరీమణులారా! మనది వెయ్యి అడుగులు దించితే గాని చెంబెడు నీళ్లు పడని సీమ. అటువంటి సీమలో, నేడు, ఒక్క వేలి నొక్కుతో, జ్ఞానం అనే గంగ పైకి ఉబికి రాబోతున్నది! కేసింగు పైపు అక్కరలేదు! కరెంటు మోటారు అక్కరలేదు!" అంటూ ఆయన మీట నొక్కారు. తెర మీద ఒక గుండ్రటి గీత తిరగడం మొదలుపెట్టింది. ఇరవై నిమిషాలు తిరిగింది. అది ధ్యానం కోసం పెట్టిన గుర్తు అనుకుని కొందరు పెద్దవాళ్లు కళ్లు మూసుకున్నారు. గాయక బృందం నాలుగు పాటలు పాడింది. చివరికి ఫాదర్ ఫెలిక్స్ గారు మైకు అందుకుని, "ఓర్పు అనే మొదటి పాఠం విజయవంతంగా పూర్తయింది" అని ప్రకటించగా సభ చప్పట్లతో మారుమోగింది.

ఆ తరువాత నియమాలు వెలువడ్డాయి. పన్నెండు పాఠాలు, ఒక పరీక్ష, వందకు అరవై వస్తే సర్టిఫికెట్టు. గుడిలో వాక్యం చదవాలన్నా, గాయక బృందంలో తాళం వేయాలన్నా, బిడ్డకు జ్ఞానస్నానం, అంటే బాప్తిస్మం, ఇచ్చే వేళ బిడ్డ తరఫున జవాబు చెప్పే జ్ఞానతల్లిగానో జ్ఞానతండ్రిగానో నిలబడాలన్నా సర్టిఫికెట్టు నంబరు వేయాలి. సమాధి తోటలో చోటు కోసం పెట్టే అర్జీలోనూ ఆ గడి చేరింది.

కుప్పంలో చిన్న సాంకేతిక విశేషం ఎదురైంది. అక్కడ గుమ్మం దిగితే ఫోను కర్ణాటక టవరును పట్టుకుంటుంది, పెరడు దాటితే తమిళనాడు టవరును పట్టుకుంటుంది. యాప్ తెలివైనది. టవరును బట్టి భాష మారుస్తుంది. కనుక ఒక కుటుంబం లోకసృష్టిని వంటింట్లో తెలుగులో మొదలుపెట్టి, వీధి అరుగు మీద కన్నడంలో ముగించి, ఆదాము అవ్వలు తోటలోంచి గెంటివేయబడిన సంగతిని బావి దగ్గర తమిళంలో తెలుసుకుంది. దీన్ని మండలి తన నివేదికలో "త్రిభాషా ప్రావీణ్యం" అని నమోదు చేసింది.

అదే కుప్పంలో డెబ్భై తొమ్మిదేళ్ల చిన్నప్ప గారు ఆరో పాఠం దాకా వచ్చి కాలం చేశారు. మరణం, తీర్పు అనే అంశాలు పదకొండో పాఠంలో ఉన్నాయి. సిలబసు పూర్తి కాకుండా పోయిన మనిషికి సమాధి తోటలో చోటు ఎలా ఇవ్వాలన్న ప్రశ్న తలెత్తింది. మండలి అత్యవసరంగా ఆన్‌లైనులో సమావేశమై, మానవతా దృక్పథంతో, మిగిలిన ఆరు పాఠాలకూ ఆయనకు "కృపా మార్కులు" మంజూరు చేసింది. శవపేటిక దించడానికి పావుగంట ముందు సర్టిఫికెట్టు వచ్చింది. ఆయన ఫోనుకు మాత్రం "చిన్నప్ప గారూ, ఈ వారం మీరు పాఠం తెరవలేదు" అని సందేశాలు వస్తూనే ఉన్నాయి. నలభయ్యో రోజున "నిలకడ గల అభ్యాసకుడు" అనే పతకం కూడా వచ్చింది.

సవరప్పకు ఇవేవీ అభ్యంతరం కాలేదు. కాలంతో పాటు మనిషి మారాలి అనుకుని, అద్దాలు తుడుచుకుని, తన ఫోనులో మొదటి పాఠం తెరిచాడు. "ప్రతి ఆదివారం విశ్వాసులు తప్పక ద్రవ్యరాశికి హాజరు కావలెను" అని అందులో ఉంది. మూడుసార్లు చదివాడు.

పాఠాలు ఎక్కడో ఇంగ్లీషులో తయారైనవి. వాటిని తెలుగు చేసింది ఒక యంత్రం. గుడిలో ఆదివారం జరిగే దివ్యబలిపూజను ఇంగ్లీషులో మాస్ అంటారు కదా. యంత్రం తన తొమ్మిదో తరగతి ఫిజిక్సు గుర్తు తెచ్చుకుని దాన్ని ద్రవ్యరాశి చేసింది. సంఘ చట్టానికి ఇంగ్లీషులో ఉన్న కానన్ లా అనే పేరు వినడానికి తుపాకి మందు వాసన వేస్తుంది కనుక అది ఫిరంగి చట్టమైంది. ఇక పరిశుద్ధాత్మకు ఇంగ్లీషులో హోలీ గోస్ట్ అని పాతకాలపు పేరు ఒకటుంది. అందులో రెండో మాటకు సినిమాల్లో వేరే అర్థం. యంత్రం సినిమాలు బాగా చూసినట్టుంది. పాఠంలో మొదటి నుంచి చివరి దాకా "పవిత్ర దెయ్యం" అని పడింది.

సవరప్ప ఫోను పట్టుకుని ఫాదర్ గారి దగ్గరికి పరుగెత్తాడు.

"సామీ, ఈడ పరిశుద్ధాత్మను దెయ్యం అని రాసుండారు."

ఫాదర్ ఫెలిక్స్ గారు తల పంకించారు. "చూశాను సవరప్పా. నాకూ బాధగానే ఉంది. కానీ కంటెంటు లాకైపోయింది. మనం ముట్టుకోవడానికి లేదు. ముందు అందరికీ సర్టిఫికెట్లు రానీ, తప్పులు తరువాత దిద్దుకోవచ్చు."

"సర్టిఫికెట్టు చేతికొచ్చినాక తప్పు దిద్దుకునేది ఎవురు సామీ?"

ఫాదర్ గారికి ఈ ప్రశ్న నచ్చింది. యాప్‌లో ఫిర్యాదు పెట్టడం ఎలాగో ఆయనే దగ్గరుండి చూపించారు. పదకొండు నిమిషాల్లో జవాబు వచ్చింది: "ప్రియమైన సవరప్ప! మీ ఆత్మకు సంబంధించిన సమస్య పరిష్కరించబడినది. మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?" పాఠంలో ఒక్క అక్షరం మారలేదు. తూర్పు దేశపు జ్ఞానులకు ఒక్క నక్షత్రమే సరిపోయింది కదా అని సవరప్ప ఒకటే ఇచ్చాడు.

తరువాత పరీక్ష రాశాడు. ఆదివారం విశ్వాసులు దేనికి హాజరు కావాలి అన్న ప్రశ్నకు నాలుగు జవాబులు ఇచ్చారు. దివ్యబలిపూజ అనేది రెండోది, ద్రవ్యరాశి అనేది నాలుగోది. సవరప్ప రెండోది నొక్కాడు. త్రిత్వంలో మూడవ వ్యక్తి ఎవరు అన్నప్పుడు పరిశుద్ధాత్మ అని నొక్కాడు. తెలిసిన ప్రతిదానికీ తెలిసిన జవాబే నొక్కుతూ పోయాడు. చివర తెర మీద, పాసైనవాళ్లకు కురిసే రంగు కాగితాల వాన కురవలేదు. "విచారించకండి సవరప్ప! మీకు 38 మార్కులు. మీరు ప్రారంభ స్థాయిలో ఉన్నారు" అని కనిపించింది. ముప్పై రెండేళ్లలో తాను మొదలైనా పెట్టలేదన్న సంగతి అతనికి అప్పుడు తెలిసింది.

మిగతా విశ్వాసులు ఇంత కష్టపడలేదు. బస్టాండు దారిలో చెంగల్రాయుడి గంగమ్మ ఆన్‌లైన్ సెంటరు ఉంది. ఆధారులో పేరు తప్పయినా, పింఛను ఆగినా, పొలం కాగితం కావాలన్నా పుంగనూరులో మనుషులు నడిచేది అక్కడికే. చెంగల్రాయుడు గంగమ్మ భక్తుడు, ఏటా జాతరకు అమ్మవారికి పొంగలి పెట్టే మనిషి. అతను మొదటి పరీక్ష గుడ్డిగా నొక్కాడు, రెండోది సగం చూసి నొక్కాడు, మూడోదానికి యాభై జవాబులూ కంఠతా వచ్చేశాయి. అయితే నిజాయితీ గలవాడు. మనిషి పక్కన కూర్చోకుండా పరీక్ష రాస్తే అది మోసమని అతని నమ్మకం. కాబట్టి విశ్వాసులు వచ్చి పక్కన స్టూలు మీద కూర్చునేవాళ్లు. అతను నొక్కుతుంటే వాళ్లు బియ్యం కార్డు సంగతులు కూడా అడిగి తెలుసుకునేవాళ్లు. ఆ విధంగా పెంతెకోస్తు నాటికి పుంగనూరు విచారణలో నూటికి తొంభై ఏడుగురు ఉత్తీర్ణులయ్యారు. జ్ఞానరాజు గారికి వందకు వంద వచ్చాయి. మూడు విచారణల్లో ఆయనే ప్రథములు.

మండలి ఈ విజయాన్ని పురస్కరించుకుని, ధ్రువీకరణ లేని వ్యక్తులు ఇకపై ఎవరికీ ఏమీ బోధించరాదని తీర్మానించింది. తీర్మానంలో సవరప్ప పేరు లేదు. "ఒక ధ్రువీకరించబడని వ్యక్తి" అని మాత్రం ఉంది. రేకుల గదికి పచ్చటి గుడ్డ కట్టి స్టూడియో చేశారు. ఫాదర్ గారు జాలిపడి, వీడియో తీసేటప్పుడు ఎవరూ దగ్గకుండా చూసే బాధ్యతను సవరప్పకు అప్పగించారు. అతను దాన్ని శ్రద్ధగానే చేశాడు. ఇంటికి వచ్చాక మాత్రం రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసేవాడు.

అటువంటి రోజుల్లో ఒక సాయంత్రం ఆరోగ్యమ్మ అతని ఇంటి వసారాలోకి వచ్చి నేల మీద కూలబడింది. అరవై ఎనిమిదేళ్ల మనిషి. ఆసుపత్రిలో చేసినన్నాళ్లూ, కన్నవాళ్లు చుట్టాలకు దూరమైన బిడ్డలకూ, దిక్కులేని బిడ్డలకూ తానే జ్ఞానతల్లిగా నిలబడేది. అలా నలభై ఒక్క మంది. వాళ్లలో ఒకతె శ్రుతి. ఇప్పుడు శ్రుతికి కూతురు పుట్టింది. వచ్చే ఆదివారం జ్ఞానస్నానం. తన బిడ్డకూ ఆరోగ్యమ్మే జ్ఞానతల్లిగా ఉండాలని శ్రుతి పట్టుబట్టింది.

"పరీక్ష రాసినా నాయనా. మనవరాలు ఫోను పట్టుకునింది, నేను నొక్కినా. నువ్వు చెప్పిందే నొక్కినా. ఒక్కటి కూడా తప్పిపోలే. ఫెయిలంట."

"ఎన్నొచ్చినాయక్కా?"

"నలభై."

తనకన్నా రెండు ఎక్కువ. మరో రోజైతే సవరప్ప నవ్వేవాడు. తన ముప్పై ఎనిమిది అతనికి అంతగా గుచ్చుకోలేదు గాని, ఈ నలభై మాత్రం ముల్లులా దిగింది. ఆమెకు నేర్పింది తాను. ఆమె నమ్మి అప్పజెప్పింది. ఫెయిలైంది.

మరునాడు పొద్దున్నే అతను గంగమ్మ ఆన్‌లైన్ సెంటరుకు వెళ్లి స్టూలు మీద కూర్చున్నాడు. చెంగల్రాయుడు లేచి నిలబడ్డాడు.

"ఏమన్నా, నువ్వొచ్చినావు! నీకెందుకన్నా పరీక్ష?"

"నాకు గాదప్పా. ఆరోగ్యక్క నీ చేత రాయించుకోదు. తానే నొక్కాలంటాది. ఆ తప్పు జవాబులు నాకు నేర్పు. నేను పోయి ఆమెకు నేర్పుతా."

చెంగల్రాయుడు తలుపు కాస్త దగ్గరికి వేశాడు. "సూడన్నా, కష్టమేం లేదు. నీకు తెలిసిందంతా పక్కన పెట్టెయ్. తెలిసినోళ్లే దీంట్లో మునిగిపోతాండారు. పూజ అని కనబడితే దాని జోలికి పోవద్దు. ద్రవ్యరాశి నొక్కు. ఆత్మ అని కనబడితే దాటుకో. దెయ్యం యాడుందో ఎతుక్కో."

అరగంట సేపు గంగమ్మ పటం కింద కూర్చుని, ముప్పై రెండేళ్ల ఉపదేశి జ్ఞానోపదేశం నేర్చుకున్నాడు. మధ్యలో రెండుసార్లు తప్పు చెప్పాడు, అంటే ఒప్పు చెప్పాడు. చెంగల్రాయుడు ఓపికగా దిద్దాడు. "నువ్వు బాగా నేర్పుతావప్పా" అని సవరప్ప మనస్ఫూర్తిగా మెచ్చుకుని బయటపడ్డాడు. దారిపొడవునా యాభై జవాబులూ గొణుక్కుంటూ, ఎవరైనా పలకరిస్తే మరిచిపోతానని తల ఎత్తకుండా నడిచాడు.

ఆరోగ్యమ్మ చేటలో వేరుశనగ కాయలు చెరుగుతూ అతను చెప్పిందంతా విన్నది. చేట కింద పెట్టింది.

"అంటే దెయ్యం అని నొక్కమంటావు."

"ఒక్క పూటే అక్కా. బిడ్డ కోసరం. పరీక్ష అయినాక మనకు తెలిసింది మనకుండాది గదా."

"సవరప్పా, నా కొడుకు సచ్చిపోయిన దినం నువ్వొచ్చి నా పక్కన కూసున్యావు. పరిశుద్ధాత్మ ఓదార్చే ఆత్మక్కా అని సెప్పినావు. ఆ మాట పట్టుకునే లేసి నిలబడ్న్యా. ఇప్పుడు దాన్ని దెయ్యం అని నొక్కేదానికి ఈ వేలు రాదు. నేను జ్ఞానతల్లి గాకపోతే ఏంబోయె. దూరంగా కూసుని ప్రార్థన సేసుకుంటా."

సవరప్ప తల దించుకున్నాడు. సిగ్గేసింది. సిగ్గు కింద ఎక్కడో సంతోషం కూడా కదిలింది. తాను నేర్పిన పాఠం ఒకటి, తాను చెప్పినా చెరగనంత గట్టిగా అంటుకుంది.

ఆదివారం వచ్చింది. బిషప్ గారి మేత్రాసన కార్యాలయం నుంచి తనిఖీకి వచ్చిన పెద్ద ఫాదర్ గారు జ్ఞానస్నానం తామే ఇస్తామన్నారు. వయసు మళ్లినవారు, మాట మెత్తన, చెవి చురుకు. జ్ఞానతల్లి ఫెయిలైన కారణంగా, జ్ఞానతండ్రి స్థానంలో మూడు విచారణల ప్రథములైన జ్ఞానరాజు గారిని నిలబెట్టారు. ఆయన తెల్లటి షర్టుకు సర్టిఫికెట్టుతో పాటు వచ్చిన బ్యాడ్జీ పెట్టుకుని, పొద్దున యాప్‌లో "ముఖ్యాంశాలు" అనే పేజీ కూడా తిరగేసి వచ్చారు. శ్రుతి ముఖం ముడుచుకుని బిడ్డను ఎత్తుకుంది. సవరప్ప కెమెరా వెనుక ఉన్నాడు.

పెద్ద ఫాదర్ గారు మామూలుగానే మొదలుపెట్టారు. "ఈ బిడ్డకు దేవుని సంఘం నుండి మీరు ఏమి కోరుతున్నారు?"

శ్రుతి ముక్కు చీదుకుంటోంది. జ్ఞానరాజు గారు గొంతు సవరించుకుని, "ఆప్షన్లు చెప్పండి ఫాదర్" అన్నారు.

తాను సరిగ్గా వినలేదనుకున్న పెద్ద ఫాదర్ గారు ముందుకు సాగారు. "పిశాచమును, దాని క్రియలను విసర్జిస్తున్నారా?"

జ్ఞానరాజు గారు ఈసారి నిజంగా ఆలోచించారు. వందకు వంద వచ్చిన మనిషి తొందరపడి జవాబు చెప్పకూడదు. "ఏ దెయ్యం సంగతి ఫాదర్? మామూలు దెయ్యమా, పవిత్ర దెయ్యమా?"

ఎవరూ దగ్గకుండా చూడవలసిన సవరప్పకే దగ్గు తెర వచ్చింది. కెమెరా ఊగింది. ఆ ఊగే బొమ్మలో, వెనుక బెంచీ నుంచి ఒక ముసలి గొంతు వినిపించింది. "విసర్జిస్తున్నాను." పెద్ద ఫాదర్ గారు తలెత్తి చూశారు. ఆయన తరువాతి ప్రశ్న అటు వైపే అడిగారు. "పరిశుద్ధాత్మను విశ్వసిస్తున్నారా?" "విశ్వసిస్తున్నాను" అన్నదా గొంతు, ఏమాత్రం తడుముకోకుండా.

"ఎవరమ్మా ఆ జవాబు చెప్పింది?"

ఆరోగ్యమ్మ భయపడుతూ లేచింది. "నేనే సామీ. ఊరికే నోట్లోంచి వచ్చేసినాది."

"ముందుకు రా తల్లీ. బిడ్డను పట్టుకో."

ఫాదర్ ఫెలిక్స్ గారు ఆయన చెవిలో, "ఆమెకు నలభై మార్కులే ఫాదర్" అన్నారు. "నాకు వినపడదు నాయనా" అన్నారు, వెనుక బెంచీ నుంచి వచ్చిన మాట విన్న పెద్ద ఫాదర్ గారు. ఆరోగ్యమ్మ చేతుల్లోకి రాగానే బిడ్డ ఏడుపు మానిందని తరువాత ఊరంతా చెప్పుకున్నారు. అది నిజం కాదు. ఇంకా గట్టిగా ఏడ్చింది. నలభై ఒక్క మందిని ఎత్తిన చేతులకు అది కొత్త కాదు. యాప్‌లో జ్ఞానతల్లి గడి సర్టిఫికెట్టు నంబరు లేకుండా నిండలేదు కనుక, పెద్ద ఫాదర్ గారు పాత రిజిస్టరు తెప్పించి తన పెన్నుతో ఆరోగ్యమ్మ పేరు రాశారు.

ఇంత జరిగాక మండలి చేతులు ముడుచుకుని కూర్చోలేదు. తొంభై అయిదు మార్కులు దాటిన ముగ్గురితో విచారణ సంఘం వేసింది. సంఘం వారం రోజుల్లో నివేదిక ఇచ్చింది. జ్ఞానరాజు గారి తప్పేమీ లేదనీ, గుడిలో అడిగిన ప్రశ్నలు సిలబసులో లేవనీ, నాలుగు జవాబులు ఇవ్వకుండా పెద్దమనిషిని ప్రశ్న అడగడం అమానుషమనీ తేల్చింది. పెద్ద ఫాదర్ గారు ఇంతవరకు కోర్సులో చేరనే లేదన్న విషయాన్ని కూడా వినయపూర్వకంగా గుర్తుచేసి, సర్టిఫికెట్టు ఉన్నవారిని సర్టిఫికెట్టు లేనివారు ప్రశ్నించే పద్ధతిపై విచారం వ్యక్తం చేసింది. పెద్ద ఫాదర్ గారు అది చదివి నవ్వి ఊరుకున్నారు. ఆ నవ్వును మండలి రిజిస్ట్రేషనుగా పరిగణించింది.

ఆ మరునాడు మొట్టమొదట సవరప్ప గుమ్మం తొక్కినవారు జ్ఞానరాజు గారే. ప్లాస్టికు అంటించిన సర్టిఫికెట్టు చంకలో ఉంది. ముఖం మాత్రం వడలిపోయింది.

"సవరప్పా, నలుగుర్లో నా మర్యాద పాయె. నా మనవడు గూడా నవ్వుతాండాడు. ఆ పిశాచి ఎవురో, ఆత్మ ఎవురో కాస్త ఇడమర్సి సెప్పప్పా. ఎవురికీ సెప్పొద్దు."

సవరప్ప ఎవరికీ చెప్పలేదు. అందుకే అందరికీ తెలిసింది. సర్టిఫికెట్టు ఉండి సంగతి తెలియనివాళ్లు ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. వానలు పడే నాటికి వసారాలో చోటు చాలక మెట్ల మీద కూర్చున్నారు. ముప్పై ఏడుగురు. చెంగల్రాయుడు కూడా గుమ్మం పక్కన వచ్చి కూర్చున్నాడు. "రెండు నూర్ల సార్లు నొక్కినా గదన్నా. ఆ కత ఏందో ఒకసారి ఇనిపోతా, అంతే" అన్నాడు. ఆరోగ్యమ్మ శ్రుతి బిడ్డను ఒళ్లో వేసుకుని ముందు వరసలో కూర్చునేది. రేకుల గదిలో ఎప్పుడూ రానన్ని ప్రశ్నలు వచ్చేవి. సవరప్పకు మళ్లీ అన్నం సహించింది.

ఒక ఆదివారం సాయంత్రం అయిదు గంటలకు, క్షమించడానికీ మరిచిపోవడానికీ తేడా ఏమిటని ఆరోగ్యమ్మ అడిగింది. సవరప్ప జవాబు వెతుక్కుంటున్నాడు. అందరూ అతని ముఖమే చూస్తున్నారు. సరిగ్గా అప్పుడు వసారా నిండా ఫోన్లు, సవరప్ప చేతిలోదానితో సహా, టింగుమన్నాయి. మండలి వాట్సాప్ గ్రూపులో ప్రకటన.

"పుంగనూరులో ఒక ధ్రువీకరించబడని వ్యక్తి నివాసమున, యాప్‌తో నిమిత్తము లేకుండా, కొందరు పెద్దలు జ్ఞానము పొందుచున్నట్లు మండలి దృష్టికి వచ్చినది. ఇట్టి అనధికార జ్ఞానము చెల్లదు. దీనిని తక్షణమే నిలుపుదల చేయుటకు సభ్యులందరూ తమ ఆమోదము తెలుపవలెను. ఇట్లు, జ్ఞానరాజు, అధ్యక్షులు."

అధ్యక్షులు మూడో మెట్టు మీద కూర్చుని ఉన్నారు. మండలి గుమాస్తా పంపిన కాగితాల మీద ఆయన పొద్దున సంతకాలు పెట్టారు. ఏ కాగితమో చూడలేదు. ఇప్పుడూ చూడలేదు. సవరప్ప ముఖం మీద నుంచి చూపు తిప్పకుండానే, ఒడిలో ఉన్న ఫోను మీద బొటనవేలి బొమ్మ నొక్కారు. పక్కవాళ్లూ నొక్కారు. మెట్ల మీదివాళ్లు నొక్కారు. ఆరోగ్యమ్మ బిడ్డను జోకొడుతూ మనవరాలు నేర్పినట్టే నొక్కింది. చెంగల్రాయుడు గ్రూపులో లేడు కనుక నొక్కలేదు.

"ఊఁ, చెప్పప్పా" అన్నారు జ్ఞానరాజు గారు. సవరప్ప చెప్పాడు. మంచి జవాబే చెప్పాడు. అందరూ వెళ్లిపోయాక మంచం మీద కూర్చుని, అద్దాలు పెట్టుకుని, ఆ ప్రకటన మొదటిసారి చదివాడు. కింద బొటనవేళ్లు లెక్కపెట్టాడు. ముప్పై ఎనిమిది ఉన్నాయి. తరగతిలో ఉన్న విచారణవాళ్లు ముప్పై ఏడుగురే. ఆ ఎక్కువైన వేలు ఏ పాపాత్ముడిదో చూద్దామని పేర్ల జాబితా పైకి జరిపాడు.

అన్నిటికన్నా ముందు నొక్కిన వేలు అతనిదే.